ఎగుమతులు సాగుతూనే ఉండగా విదేశంలో సొంత కంపెనీ ఎందుకు పెడతారు?

ప్రశ్న: లెక్కల గుమస్తా, గుంటూరు

సభ్యులందరికీ నమస్కారం. నేను గుంటూరు శివార్లలోని ఒక కారం, పసుపు మిల్లులో లెక్కలు చూస్తాను. అది ఒకే కుటుంబానికి చెందిన, నమోదైన భాగస్వామ్య సంస్థ. మా సరుకులో కొంత ఇక్కడి హోల్‌సేల్ వ్యాపారులకు పోగా, మిగిలినది చాలాకాలంగా గల్ఫ్ దేశాలకూ శ్రీలంకకూ వెళ్తున్నది. దుబాయిలో మాకు ఒకే ఒక దిగుమతిదారు ఉన్నారు. ఆయన మా దగ్గర పెద్ద సంచుల్లో కారం తీసుకొని, అక్కడ చిన్న ప్యాకెట్లు కట్టి, తన పేరుతో అమ్ముకుంటారు. ఇటీవల మా యజమాని గారి అబ్బాయి దుబాయిలో మనమే సొంత కంపెనీ పెడదామని ప్రతిపాదించారు. యజమాని గారు ఔననలేదు, కాదనలేదు. పెద్ద కంపెనీలు పరాయి దేశాలకు ఏ కారణాలతో వెళ్తాయో, వాటిలో మనకు వర్తించేవి ఏవో కాగితం మీద పెట్టి చూపించమని నాకు పురమాయించారు.

నేను చదివిన వ్యాసాలన్నిటిలోనూ ఒకే వరస కనిపిస్తున్నది: కొత్త మార్కెట్లు, ఎక్కువ లాభం, చవక కూలి, నష్టభయాన్ని పలు దేశాలకు పంచుకోవడం, పేరు ప్రతిష్ఠలు. చదువుతున్నంతసేపూ సబబుగానే తోస్తున్నాయి గానీ, మా మిల్లుకు అన్వయించబోయేసరికి ఏదీ నిలవడం లేదు. యార్డులో కాయ కొని, ఇక్కడే మర పట్టించి, చెన్నై రేవు నుంచి పంపితే డబ్బు డాలర్లలోనే వస్తున్నది కదా. కొత్త మార్కెట్టూ వచ్చింది, లాభమూ వచ్చింది. అలాంటప్పుడు పరాయి దేశంలో అద్దె కట్టి, లైసెన్సు తీసుకొని, జీతమిచ్చి మనిషిని పెట్టుకొని, రెండు దేశాల పన్ను అధికారులకూ లెక్కలు చెప్పుకొనే భారాన్ని ఏ కంపెనీ అయినా ఎందుకు నెత్తికెత్తుకుంటుంది? మన ప్రాంతపు కంపెనీల ఉదాహరణలతో ఎవరైనా వివరిస్తే కృతజ్ఞుణ్ణి.


జవాబు 1: కామర్సు మాస్టారు, విజయవాడ

గుమస్తా గారూ, మీరు చదివిన వ్యాసాలు రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేశాయి. విదేశాలలో సరుకు అమ్మడం ఎందుకన్నది ఒక ప్రశ్న, విదేశంలో తానే వెళ్లి కూర్చోవడం ఎందుకన్నది మరొక ప్రశ్న. మీరు ఉదహరించిన కారణాలలో చవక కూలి తప్ప మిగిలినవన్నీ మొదటి ప్రశ్నకే సమాధానాలు. మీ యజమాని గారు అడుగుతున్నది రెండవది.

రెండవ ప్రశ్నను సూటిగా పట్టుకున్నవారిలో మొదట చెప్పుకోదగిన వ్యక్తి కెనడాకు చెందిన ఆర్థికవేత్త స్టీఫెన్ హైమర్. పరాయి దేశంలో అడుగుపెట్టిన కంపెనీకి అక్కడి భాషా, చట్టమూ, అధికారుల తీరూ, వాడుకదారుల అలవాట్లూ తెలియవని, అక్కడే పుట్టిన కంపెనీకి అవన్నీ ఖర్చు లేకుండా తెలిసి ఉంటాయని, అయినా బయటి కంపెనీ వెళ్లి నిలబడగలుగుతున్నదంటే ఆ లోటును పూడ్చగల ప్రత్యేకమైన బలమేదో దాని చేతిలో ఉండి తీరాలని ఆయన 1960లో తన పరిశోధనలో వాదించాడు. తరవాత బ్రిటన్ ఆర్థికవేత్త జాన్ డన్నింగ్ దానికి మరో రెండు షరతులు చేర్చాడు. ఆ బలాన్ని వాడుకోవడానికి ఆ దేశమే అనువైన చోటు అయి ఉండాలి. అంతేకాక, ఆ పనిని అక్కడి ఏజెంటుకో లైసెన్సుదారుకో అప్పగించడం కంటే తన చేతిలోనే ఉంచుకోవడం మేలు కావాలి. మూడింటిలో ఏది లేకపోయినా ఎగుమతితోనో ఒప్పందంతోనో సరిపెట్టుకోవడమే లాభం.

ఇక ఉదాహరణలు. మీరు పసుపు కూడా ఆడిస్తారు కనుక దుగ్గిరాల మీకు కొత్త కాదు. పసుపు యార్డుకు పేరుపడిన ఆ ఊళ్లోనే 1990ల మధ్య నుంచి సీసీఎల్ ప్రొడక్ట్స్ ఇన్‌స్టంట్ కాఫీ తయారు చేస్తున్నది. చుట్టుపక్కల ఎక్కడా కాఫీ తోట లేదు, తయారైన పొడిలో అత్యధిక భాగం తాగేవారూ ఇక్కడ లేరు. ఎగుమతి కోసమే ఏర్పడిన యూనిట్ కావడంతో దిగుమతి చేసుకున్న గింజల మీద సుంకం పడకుండా పని నడుస్తుంది, లేకపోతే మన దేశంలో కాఫీ మీద దిగుమతి సుంకం 100 శాతం. ఇంత చక్కగా ఎగుమతి సాగుతున్న కంపెనీ వియత్నాంలోని డాక్ లాక్ రాష్ట్రంలో మరొక ఫ్యాక్టరీ ఎందుకు పెట్టింది? కిలో ఇన్‌స్టంట్ కాఫీకి రెండున్నర కిలోలకు పైగా పచ్చి గింజలు పడతాయి. ప్రపంచంలో రొబస్టా రకం కాఫీ గింజను అన్నిటికంటే ఎక్కువగా పండించే దేశం వియత్నాం, అందులో డాక్ లాక్ కాఫీ తోటల నడిబొడ్డు. అంత బరువున్న గింజ ఓడెక్కి దుగ్గిరాల వచ్చి, పొడిగా మారి మళ్లీ ఓడెక్కే బదులు, తోటల పక్కనే పొడి చేస్తే ఒక రవాణా మొత్తం తప్పిపోతుంది. దానికి తోడు వియత్నాం ఆగ్నేయాసియా దేశాల కూటమి అయిన ఆసియాన్‌లో సభ్య దేశం. ఆసియాన్‌కు చైనాతో ఉన్న ఒప్పందమూ, 2020 ఆగస్టు నుంచి వియత్నాంకు యూరప్ సమాఖ్యతో అమలవుతున్న ఒప్పందమూ అక్కడ తయారైన సరుకుకు సుంకాలలో ఉపకరిస్తాయి. పొడి చేసే పరిజ్ఞానం దుగ్గిరాలది, అనువైన చోటు డాక్ లాక్. ఆ పరిజ్ఞానాన్ని మరొకరికి నేర్పితే రేపు వారే పోటీదారులవుతారు కనుక సొంత అనుబంధ సంస్థగానే పెట్టుకున్నారు. డన్నింగ్ చెప్పిన మూడు షరతులూ ఇక్కడ కుదిరాయి. అదే కంపెనీ 2023లో బ్రిటన్‌లో పెర్కాల్ మొదలైన కాఫీ బ్రాండ్లను కొనుక్కున్నదంటే అది పూర్తిగా వేరే కారణం. ఇతరుల పేర్ల మీద పోయే సరుకుకు దుకాణం అరలో తన పేరు లేదు. ఆ చోటు కొత్తగా సంపాదించడం కంటే కొనుక్కోవడమే తేలికని భావించి ఉంటారని నా ఊహ.

మరొకటి, కేసీపీ. వెలగపూడి రామకృష్ణ గారు 1941లో ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీతో మొదలుపెట్టిన ఈ సంస్థ 1990లలో రెండుగా విడిపోయినప్పుడు ఉయ్యూరు ఒక భాగానికి వెళ్లింది. మాచర్ల సిమెంటు ఉన్న రెండవ భాగం వియత్నాంలోని అప్పటి ఫూ యెన్ రాష్ట్రంలో చక్కెర ఫ్యాక్టరీ నెలకొల్పింది. చెరకు కొట్టిన తరవాత గంటలు గడిచేకొద్దీ దానిలోని పంచదార పడిపోతుంది కనుక చెరకును ఓడలో తెచ్చుకోవడం జరిగే పని కాదు, మిల్లే తోట దగ్గరికి వెళ్లాలి. ఆ కాలంలో మన మిల్లులు ఉత్పత్తిలో కొంత భాగాన్ని లెవీ కింద ప్రభుత్వానికి తక్కువ ధరకు ఇవ్వవలసి వచ్చేదని, ఆ విధానం 2013 వరకూ తొలగలేదని గుర్తు చేసుకుంటే, చక్కెర తెలిసినవారు బయటి నేల వైపు చూడటంలో వింతేమీ లేదు.

ఫ్యాక్టరీ కోసం కాక అమ్మకం కోసమే వెళ్లవలసి వచ్చే వ్యాపారాలూ ఉన్నాయి. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్‌ను చూడండి. మందుల ముడిపదార్థాన్ని పీపాలలో అమ్మేటప్పుడు నాణ్యత పత్రమూ ధరా చాలు. అదే మాత్రను తన పేరుతో రష్యాలోనో అమెరికాలోనో అమ్మాలంటే ఆ దేశపు నియంత్రణ సంస్థ ముందు బాధ్యత వహించే మనిషి ఉండాలి, వైద్యులకు వివరించేవారు ఉండాలి, మందుల గొలుసు దుకాణాలతో బేరమాడేవారు ఉండాలి, అవసరమైతే పేటెంటు దావా నడిపే లాయర్లు ఉండాలి. 2001లో అమెరికాలో మానసిక కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సెటీన్ 40 మిల్లీగ్రాముల మందుకు ఆ కంపెనీ 180 రోజుల ఏకైక జెనరిక్ అమ్మకపు హక్కు సంపాదించినప్పుడు, ఆ హక్కు పీపాలు పంపినందుకు దక్కినది కాదు. దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ దివీస్. ఆ కంపెనీ రాబడిలో అత్యధిక భాగం విదేశాల నుంచే వస్తుంది, ఫ్యాక్టరీలు మాత్రం చౌటుప్పల్ దగ్గరా, విశాఖ తీరంలోనూ, కాకినాడలోనూ ఉన్నాయి. ముడిపదార్థం అమ్మేవారికి అది చాలింది.

ఎదురు దిశలో వచ్చినవారి సంగతి రెండు మాటలలో ముగిస్తాను. పూర్తిగా తయారైన కారును దిగుమతి చేసుకుంటే మన దేశంలో సుంకం చాలా ఎక్కువ, ఒక్కొక్కప్పుడు కారు ధరకు సమానం. ఆ గోడ దాటడానికి కియా 2017లో ఒప్పందం చేసుకొని పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ కట్టి 2019 నుంచి కార్లు అమ్ముతున్నది, దానికి విడిభాగాలు ఇచ్చే కొరియా కంపెనీలు కూడా దాని వెంటే వచ్చాయి. 1981లో అమెరికా ఒత్తిడితో జపాన్ తన కార్ల ఎగుమతిని ఏడాదికి 16.8 లక్షలకు పరిమితం చేసుకున్న మరుసటి ఏడాదే హోండా ఒహాయో రాష్ట్రంలో కార్లు తయారు చేయడం మొదలుపెట్టిన కథ కూడా ఇటువంటిదే.

ఈ ఉదాహరణలను మీ మిల్లు పక్కన పెట్టి చూడండి. మీ ముడిసరుకు గుంటూరులోనే దొరుకుతుంది, కిలో కాయ పొడి అయ్యేసరికి బరువు పెద్దగా తగ్గదు, కాబట్టి మరను తీసుకెళ్లి దుబాయిలో పెట్టవలసిన అగత్యం లేదు. గల్ఫ్ దేశాల ఉమ్మడి సుంకం చాలా సరుకుల మీద 5 శాతమే, పైగా యూఏఈతో మన వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమలులో ఉన్నది. కనుక దాటవలసిన గోడ కూడా లేదు. ఇక మిగిలేది అమ్మకానికి సంబంధించిన కారణం ఒక్కటే. అది మీకు ఉన్నదో లేదో మీరే చెప్పాలి.


జవాబు 2: యార్డు వ్యాపారి, గుంటూరు

మాస్టారు సిద్ధాంతం వైపు నుంచి చెప్పారు, నేను సరుకు వైపు నుంచి చెబుతాను. నాది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, కొద్దిగా ఎగుమతి కూడా ఉన్నది. తేజ రకం కాయను చైనా కంపెనీలు ఓలియోరెసిన్ (ఘాటూ రంగూ ఉండే చిక్కటి సారం) తీయడానికి కొంటాయి. వారి తరఫు మనుషులు సీజనులో గుంటూరు వచ్చి, టిక్కీ (మిర్చి బస్తా) విప్పి చూసి, తాలు (రంగు పోయిన కాయ) ఎంత ఉన్నదో, తేమ ఎంత ఉన్నదో, రంగు ఏ మాత్రమో తేల్చుకొని ధర కడతారు. ఒక్క సంగతి గమనించండి. ఇక్కడ పరాయి దేశానికి వచ్చిన కంపెనీ వారిది. ఎందుకంటే ఎండుమిర్చి నాణ్యత కాగితం మీద తేలేది కాదు, కొనేవాడి కన్ను పడాలి. మనం అక్కడికి వెళ్లవలసిన అవసరం లేకపోవడానికి కారణం కూడా అదే.

అయినా దుబాయి దుబాయి అంటూ పరుగెడుతున్నవారిని చాలామందిని చూస్తున్నాను. నా అభిప్రాయం కటువుగా ఉంటే మన్నించండి. అందులో సగం మందికి వ్యాపార కారణం ఏదీ లేదు. కుటుంబానికి వీసా, విజిటింగ్ కార్డు మీద రెండు దేశాల చిరునామాలు, పెళ్లి సంబంధాల వేళ చెప్పుకోవడానికి ఒక మాట. అది వారి ఇష్టం, కాదనను. కానీ ఆ ఖర్చును మిల్లు లెక్కలలో వ్యాపార విస్తరణగా రాయకండి.

అసలైన చిక్కు మరొకటి ఉన్నది, మీరు చదివిన వ్యాసాలలో అది ఉండదు. మీరు దుబాయిలో కంపెనీ తెరిచిన రోజున మీ దిగుమతిదారు మీకు పోటీదారు అవుతాడు. నాకు బాగా తెలిసిన ఒక మిల్లువారు గల్ఫ్‌లో సొంత గిడ్డంగి తీసుకోగానే వారి పాత కొనుగోలుదారు ఆర్డర్లు ఆపేసి, మన యార్డులోనే మరొక మిల్లు దగ్గర సరుకు కొనడం మొదలుపెట్టాడు. కొత్త కంపెనీకి ఖాతాదారులు ఏర్పడేలోగా పాత ఖాతా పోయింది. గిడ్డంగి అద్దె మాత్రం నెలనెలా వచ్చి నిలబడింది. మీ అమ్మకంలో ఆ ఒక్క దిగుమతిదారు వాటా ఎంతో ముందు లెక్క కట్టండి. అది సగానికి మించి ఉంటే అబ్బాయిగారి ప్రతిపాదనను ఇంకొకసారి ఆలోచించవలసిందే.

యూరప్‌కు పంపేవారి సంగతి వేరు. అక్కడ ఎండుమిర్చిలో బూజు వల్ల చేరే విషపదార్థమైన అఫ్లటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని అఫ్లటాక్సిన్‌లూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. రేవులో కంటెయినరు ఆగిపోయినప్పుడు మన తరఫున మాట్లాడే మనిషి అక్కడ లేకపోతే చెప్పిన ధరకు తల ఊపడం తప్ప వేరే దారి ఉండదు. అటువంటి చోట సొంత మనిషి ఉండటంలో అర్థం ఉన్నది.


జవాబు 3: పాత బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

విజయవాడలో ఒక బ్యాంకు విదేశీ మారక విభాగంలో చాలాకాలం పనిచేసి విరమించాను. మాస్టారు చెప్పిన కారణాలు నిజమే గానీ, మా టేబుల్ మీదికి వచ్చే దరఖాస్తులలో ఆ కారణాలతో పాటు మరికొన్ని కూడా దాగి ఉండేవి, వాటిని దాచకుండా చెప్పుకోవడం మంచిది.

మొదటిది డబ్బు వసూలు. విదేశంలోని చిన్న కొనుగోలుదారులు తమ దేశపు కరెన్సీలో, తమ దేశపు బ్యాంకు ఖాతాకు, 60 రోజులో 90 రోజులో అరువు మీద చెల్లించడానికి అలవాటు పడి ఉంటారు. గుంటూరు నుంచి ఆ అరువు ఇవ్వడం కష్టం, అక్కడే సంస్థ ఉంటే ఇవ్వవచ్చు. రెండవది అప్పు. కొన్ని దేశాలలో వడ్డీ మన దేశంలో కంటే తక్కువ. మూడవది పన్ను. ఈ మూడవదాని గురించి అపోహలు మెండుగా ఉన్నాయి. యూఏఈలో పన్నే ఉండదన్న మాట పాతబడింది. 2023 జూన్ 1 నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకు, 3,75,000 దిర్హామ్‌లు దాటిన లాభం మీద అక్కడ 9 శాతం కార్పొరేట్ పన్ను ఉన్నది. మీ మిల్లు తన సొంత దుబాయి కంపెనీకి సరుకు అమ్మేటప్పుడు బయటివారికి అమ్మే ధరకే అమ్మాలి. లాభమంతా అక్కడ తేలేలా ఇక్కడ ధర తగ్గించి రాస్తే మన ఆదాయపు పన్ను శాఖ ఒప్పుకోదు. కంపెనీ కాగితాలు దుబాయిలో ఉండి, నిర్ణయాలన్నీ గుంటూరులో కూర్చొని తీసుకుంటే, ఆ కంపెనీని భారతీయ కంపెనీగానే భావించి పన్ను వేసే నిబంధన కూడా మన చట్టంలో ఉన్నది. ఏడాది టర్నోవరు 50 కోట్ల రూపాయలు మించని కంపెనీలకు దాని నుంచి మినహాయింపు ఇచ్చారు గనుక మీకు అది తక్షణ భయం కాకపోవచ్చు.

నిబంధనల విషయానికి వస్తే, విదేశీ పెట్టుబడుల నియమాలను 2022 ఆగస్టులో కొత్తగా రాశారు. నమోదైన భాగస్వామ్య సంస్థ కూడా విదేశంలో కంపెనీ పెట్టవచ్చు. ముందస్తు అనుమతి అక్కర్లేని మార్గంలో పెట్టుబడి, అప్పు, హామీ అన్నీ కలిపి సంస్థ నికర విలువకు 400 శాతం వరకు అనుమతిస్తారు. మొదటి పైకం పంపేముందే బ్యాంకు ద్వారా రిజర్వు బ్యాంకు నుంచి ఆ విదేశీ సంస్థకు విశిష్ట సంఖ్య తీసుకోవాలి. ఆ తరవాత ఏటా డిసెంబరు 31లోగా అక్కడి సంస్థ పనితీరు నివేదిక ఇవ్వాలి. ఈ నివేదిక దగ్గరే చిన్న సంస్థలు ఎక్కువగా తప్పటడుగు వేస్తాయి. వ్యాపారం నడవక అక్కడి కంపెనీ మూతపడినా, దాన్ని ఇక్కడి లెక్కలలో పద్ధతిగా మూసేదాకా నివేదిక ఇవ్వవలసిన బాధ్యత పోదు.

వెళ్లినవారందరూ బాగుపడలేదన్న సంగతి కూడా మీ కాగితంలో ఉండాలి. మాస్టారు ఉదహరించిన డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీలోని బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొన్నది. ఆ వెంటనే అక్కడి ప్రభుత్వం మందుల ధరలు తగ్గించే సంస్కరణలు తెచ్చింది, ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పిలిచి చవకగా ఇచ్చినవారి దగ్గరే కొనడం మొదలుపెట్టాయి. కొన్న ధరలో పెద్ద మొత్తాన్ని పుస్తకాలలో రద్దు చేసుకోవలసి వచ్చింది. జీఎంఆర్ 2010లో మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయాన్ని ఆధునికీకరించి నడిపే కాంట్రాక్టు పొందింది. ప్రభుత్వం మారడంతో 2012లో దాన్ని రద్దు చేశారు. మధ్యవర్తిత్వంలో గెలిచి, సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం ఖరారయ్యేసరికి 2016 వచ్చింది. అంత పెద్ద కంపెనీలు గనుక అన్నాళ్లు తట్టుకొని నిలిచాయి. ఒక మిల్లుకు నాలుగేళ్ల పాటు డబ్బు ఇరుక్కుపోవడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.


గుమస్తా గారి మారుపలుకు

మాస్టారికీ, వ్యాపారి గారికీ, బ్యాంకు అధికారి గారికీ కృతజ్ఞతలు. వ్యాపారి గారు అడిగిన వాటా చూశాను. గల్ఫ్ అమ్మకాలలో దాదాపు అంతా ఆ ఒక్క దిగుమతిదారుదే గానీ, మిల్లు మొత్తం అమ్మకంలో అది మూడో వంతు లోపే ఉంటుంది. అబ్బాయిగారితో కూడా మాట్లాడాను. వారి వాదన ఇది: కెన్యా, టాంజానియాల నుంచి కొందరు కొనుగోలుదారులు మమ్మల్ని నేరుగా అడుగుతున్నారు. వారికి ఒక్క కంటెయినరు నిండా కారం వద్దు. కొంత కారం, కొంత పసుపు, కొంత ధనియాల పొడి, అన్నీ చిన్న ప్యాకెట్లలో, మా పేరుతోనే కావాలి. చెన్నై నుంచి అటువంటి చిన్న ఆర్డర్లు పంపితే ఖర్చు గిట్టదు, దుబాయిలో నిల్వ ఉంచి అక్కడి నుంచి పంపితే గిడుతుంది. ఇంకొకటి, మా పేరు ఇప్పటివరకు ఇక్కడి ప్యాకెట్ల మీద తప్ప విదేశంలో ఎక్కడా లేదు. ఇది మాస్టారు చెప్పిన అమ్మకపు కారణం కింద వస్తుందా?


జవాబు 4: కామర్సు మాస్టారు, విజయవాడ

తప్పకుండా వస్తుంది, మీ మొదటి ప్రశ్నలో ఈ సంగతే లేదు. పెద్ద సంచుల్లో పేరు లేకుండా అమ్మేవారికి దివీస్ మార్గం చాలు. చిన్న ప్యాకెట్లలో పేరుతో అమ్మేవారికి కొనేవాడి దగ్గరలో నిల్వ, సకాలంలో సరఫరా, ఫిర్యాదు వస్తే సమాధానం కావాలి. కాబట్టి అబ్బాయిగారి ఆలోచనకు పునాది ఉన్నది. అయితే ఆ అవసరం తీరడానికి మొదటి రోజునే కంపెనీ పెట్టనక్కర్లేదు.

స్వీడన్‌కు చెందిన యోహాన్సన్, వాల్నే అనే ఇద్దరు పరిశోధకులు తమ దేశపు కంపెనీలు బయటికి వెళ్లిన తీరును 1977లో వివరించారు. అవి తమకు బాగా తెలిసిన, అలవాట్లు కలిసే దేశాలతో మొదలుపెట్టి, ముందు అప్పుడప్పుడూ ఎగుమతి, తరవాత ఏజెంటు, ఆ తరవాత సొంత అమ్మకపు కార్యాలయం, చివరికి ఫ్యాక్టరీ అనే మెట్లు ఎక్కుతూ వెళ్లాయి. ప్రతి మెట్టు మీదా నేర్చుకున్నదే తరవాతి మెట్టు మీద పెట్టే డబ్బును కాపాడుతుంది. కొత్త ఊళ్లో ముందు అద్దె ఇంట్లో ఉండి అక్కడి నీళ్లు పడతాయో లేదో చూసుకున్నాకే స్థలం కొనే పద్ధతి ఇది. మీకు మధ్య మెట్టు ఒకటి సిద్ధంగా ఉన్నది. దుబాయిలోని జెబెల్ అలీ వంటి స్వేచ్ఛా వాణిజ్య మండలాలలో ఇతరుల సరుకును నిల్వ చేసి, ఆర్డరు ప్రకారం కట్టి పంపిపెట్టే గిడ్డంగి సంస్థలు ఉంటాయి. వారితో ఒక సీజను ఒప్పందం చేసుకోండి. ఆఫ్రికా ఆర్డర్లు మాటల దగ్గరే ఆగుతాయో, మళ్లీ మళ్లీ వస్తాయో అప్పుడు తేలుతుంది.

పేరు విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ట్రేడ్‌మార్కు ఏ దేశానికి ఆ దేశంలోనే చెల్లుతుంది. భారత్ 2013లోనూ, యూఏఈ 2021 డిసెంబరులోనూ మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో చేరాయి. కెన్యా అంతకు ముందే సభ్యదేశం. కనుక ఇక్కడ మీకున్న నమోదు ఆధారంగా ఒకే దరఖాస్తుతో ఆ దేశాలను కోరవచ్చు. టాంజానియాకు విడిగా విచారించండి. సరుకు అక్కడి అరలోకి ఎక్కిన తరవాత మీ పేరును మరొకరు ముందే నమోదు చేసుకున్నారని తెలిస్తే చాలా కష్టపడాలి.


జవాబు 5: పాత బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

మాస్టారి సూచనకు ఒక్కటి చేరుస్తాను. మీ దిగుమతిదారుతో ఉన్న కాగితాలు తీసి చూడండి. యూఏఈలో వాణిజ్య ఏజెన్సీల కోసం ప్రత్యేక చట్టం ఉన్నది, దాని కొత్త రూపం 2023 జూన్ నుంచి అమలవుతున్నది. అక్కడి అధికారుల దగ్గర ఏజెన్సీగా నమోదైన వ్యక్తికి ఆ సరుకు మీద ఆ ప్రాంతంలో ప్రత్యేక హక్కు ఉంటుంది. మీరే మీ సరుకును అక్కడ నేరుగా అమ్మబోయినా ఆయన అడ్డుపడగలరు. మీరు చెప్పినదాన్ని బట్టి ఆయన తన పేరుతో అమ్ముకుంటున్నారు కనుక అటువంటి నమోదు ఉండకపోవచ్చు, అయినా చూసుకోవడం మేలు. నిల్వ కోసం దుబాయి గిడ్డంగికి పంపే సరుకు కూడా ఎగుమతే. అది అమ్ముడుపోయినా పోకపోయినా, గడువులోగా డబ్బు రాకపోతే మీ బ్యాంకు మీకే లేఖ రాస్తుంది. నిల్వ కోసం పంపుతున్నామని ముందే బ్యాంకుకు తెలియజేసి, అందుకు తగిన ఏర్పాటు చేసుకొన్న తరవాతే కంటెయినరు కదిలించండి.


జవాబు 6: యార్డు వ్యాపారి, గుంటూరు

మూడో వంతు లోపే అయితే నా అభ్యంతరం కొంత తగ్గింది. కానీ దిగుమతిదారుకు ఈ సంగతి బయటివారి ద్వారా తెలియనివ్వకండి. యజమాని గారే ఫోను చేసి, గల్ఫ్ అమ్మకం ఆయనదేననీ, తమ ప్యాకెట్లు ఆఫ్రికాకు మాత్రమేననీ చెప్పి, వీలైతే దానిని కాగితం మీద కూడా పెట్టాలి. ఆఫ్రికా కొనుగోలుదారుల మొదటి ఆర్డర్లకు ఎల్‌సీ (కొనేవారి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) గానీ ముందస్తు చెల్లింపు గానీ అడగండి. ఒప్పుకోని ఆర్డర్లను అబ్బాయిగారి లెక్కలో నుంచి తీసేసి, మిగిలినవాటితో గిడ్డంగి ఖర్చు గిట్టుతుందో లేదో మరోసారి వేసి చూడండి. ఎగుమతి రుణ హామీ సంస్థ దగ్గర పాలసీ తీసుకుంటే ప్రీమియం ఎంత పడుతుందో కూడా ఆ లెక్కలోనే కలపండి.